అరవై కార్డుల లెక్క

పేక ముక్కలు అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ముఖాలు మారిపోతాయి. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. పేకాటలో ఎకరాలు పోగొట్టుకున్నవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అందుకే ముందే చెప్పేస్తున్నాం. మేము రాయబోయేది రమ్మీ గురించి కాదు, మూడు ముక్కలాట గురించి అసలే కాదు. 'మ్యాజిక్‌: ద గ్యాదరింగ్‌' అనే కార్డుల ఆట గురించి. అందులోనూ పోటీకి వెళ్ళేముందు ఎవరి కట్టను వాళ్ళు తయారు చేసుకునే పని గురించి. దాన్నే డెక్‌ కట్టడం అంటారు.

స్టాటిస్టిక్స్‌ పి.జి. చదువుతున్న మాకు ఈ ఆట సంభావ్యత పాఠం పక్కనే తగిలింది. తగలడం వింతేమీ కాదు. దీన్ని రూపొందించిన రిచర్డ్‌ గార్‌ఫీల్డ్‌ గణితంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1993లో పిహెచ్‌.డి. పొందినవాడు. అదే ఏడాది ఆగస్టులో విజర్డ్స్‌ ఆఫ్‌ ద కోస్ట్‌ అనే అమెరికా కంపెనీ ఈ ఆటను విడుదల చేసింది.

మామూలు పేకలో 52 ముక్కలు అందరికీ ఉమ్మడి. పంచినవాడి చేతిలోంచి ఏది వస్తే అది. ఇక్కడ అలా కాదు. వేల రకాల కార్డుల్లోంచి తనకు కావలసినవి ఏరుకుని ఎవరి కట్ట వాళ్ళే తెచ్చుకుంటారు. కాబట్టి సగం ఆట బల్ల దగ్గర కూర్చోకముందే అయిపోతుంది. ఆ సగం తెలివితో అయిందా, డబ్బుతో అయిందా అన్నదే మా ప్రశ్న. తెలివితోనే జరగాలంటే అందరినీ కట్టే నిబంధన ఒకటి ఉండి తీరాలని మా అభిప్రాయం.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇద్దరు ఆడతారు. ఇద్దరికీ చెరో 20 ప్రాణాలు. ఎదుటివాడివి సున్నా చేసినవాడు గెలుస్తాడు. మొదట చేతికి 7 కార్డులు వస్తాయి, ఆ తరువాత వంతుకొకటి. కార్డుల్లో కొన్ని ల్యాండ్లు, అంటే భూములు. వంతుకొక భూమి దించుకోవచ్చు. ఒక్కో భూమి వంతుకొక మానా ఇస్తుంది. ఆ మానా ఖర్చు పెట్టి మిగతా కార్డులు వాడాలి. ఒక మానా కార్డులుంటాయి, ఆరు మానా కార్డులూ ఉంటాయి. భూమి లేకపోతే చేతిలో ఎంత గొప్ప కార్డున్నా విత్తనం పట్టుకుని గట్టు మీద నిలబడ్డట్టే.

ఇప్పుడు అసలు విషయం. పోటీ డెక్‌లో కనీసం 60 కార్డులుండాలి. మామూలు భూములు తప్ప ఏ కార్డూ నాలుగుకు మించి పెట్టకూడదు. ఈ రూలు మొదటి నుంచీ లేదు. 1993లో డెక్‌కు 40 కార్డులు చాలు, ఒకే కార్డును ఎన్నయినా పెట్టుకోవచ్చు. అంటే బలమైన కార్డును ఎవడు ఎక్కువ కొనగలిగితే వాడిదే రాజ్యం. అంతేకాదు, అప్పట్లో ఇద్దరూ తమ కట్టలోంచి ఒక్కో కార్డు పందెం కాసే పద్ధతి కూడా ఉండేది. గెలిచినవాడు రెండూ తీసుకుపోయేవాడు. (మన పెద్దవాళ్ళ అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదన్నమాట!) పోటీల్లో పందేన్ని నిషేధించారు. 60, 4 అనే అంకెలు 1994లో వచ్చాయి. అవి వచ్చాకే డెక్‌ కట్టడం ఒక విద్య అయిందని మేమంటాం.

ఆ విద్యలో మొదటి పాఠం వదులుకోవడం. 60 అన్నది కనీస సంఖ్య. అంతకుమించి పెట్టకూడదని ఎవరూ చెప్పలేదు. అయినా పోటీలకు వచ్చేవాళ్ళు దాదాపు అందరూ సరిగ్గా 60 దగ్గరే ఆగుతారు. కారణం లెక్కలో ఉంది. 60 కార్డుల్లో ఒక కార్డు నాలుగు ఉంటే, మొదటి ఏడింటిలో కనీసం ఒక్కటైనా వచ్చే అవకాశం సుమారు 40 శాతం. 'ఇది కూడా బాగుందే, అది కూడా ఉండనీ' అంటూ కట్టను 80కి పెంచితే అదే అవకాశం 31 శాతానికి పడిపోతుంది. ఇరవై మంచి కార్డులు చేర్చి అన్నిటికన్నా మంచి కార్డును దూరం చేసుకున్నట్టయింది. గ్రూప్స్‌కు చదువుతూ టేబుల్‌ మీద ఒకే సబ్జెక్టుకు ఆరు గైడ్లు పేర్చుకున్న అన్నలు మాకు తెలుసు. వాళ్ళకు ఈ లెక్క చూపించాలని ఉంది గానీ సీనియర్లు కదా!

రెండో పాఠం భూములు ఎన్ని అన్నది. చాలా డెక్‌లలో 24 దాకా కనిపిస్తాయి. 60లో 24 అంటే మొదటి ఏడు కార్డుల్లో సగటున 2.8 భూములు. సగటు చూసి మోసపోకూడదు. హైపర్‌జామెట్రిక్‌ సూత్రంతో మేము వేసి చూసిన లెక్క ఇది: రెండు నుంచి నాలుగు భూములు, అంటే ఆడదగ్గ చెయ్యి, వచ్చేది 77 శాతం సార్లు. ఒకటో సున్నానో వచ్చేది 14 శాతం. ఐదూ అంతకు మించీ వచ్చేది 8 శాతం. అంటే ఎంత జాగ్రత్తగా కట్టినా నాలుగైదు ఆటల్లో ఒకసారి మొదటి చెయ్యి చెడిపోతుంది. అలాంటప్పుడు మళ్ళీ పంచుకునే వీలుంది గానీ దానికి ఒక కార్డు మూల్యం చెల్లించాలి. డెక్‌ కట్టేవాడు అదృష్టాన్ని తీసెయ్యలేడు. ఎంత అదృష్టం మీద ఆధారపడాలో మాత్రం తను నిర్ణయించుకోగలడు. ఈ తేడా అర్థమైన రోజున మాకు సిలబస్‌లోని ఒక అధ్యాయం మొత్తం కొత్తగా కనిపించింది.

మూడో పాఠానికి ఒక కథ ఉంది. 1996లో అట్లాంటాలో ప్రో టూర్‌కు అర్హత పోటీ జరిగింది. పాల్‌ స్లై అనే ఆటగాడు ఒక ఎర్ర డెక్‌తో వచ్చాడు. దాన్ని తయారు చేసినవాడు జే ష్నైడర్‌. ఆ జాబితా చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఐరన్‌క్లా ఆర్క్స్‌ అనే కార్డు నాలుగు పెట్టుకున్నాడు. రెండు మానాల జీవి, పైగా తన పాటి బలమున్న జీవిని అడ్డుకోవడానికి కూడా దానికి చేతకాదు. దాని పక్కన గాబ్లిన్లు, మరుగుజ్జులు, ఎవరి పెట్టెలోనైనా అడుగున పడి ఉండే సరుకు. ఆ డెక్‌ రెండో స్థానంలో నిలిచింది. ఆ తరహా డెక్‌లకు స్లై అనే పేరే స్థిరపడింది.

రహస్యం కార్డుల్లో లేదు, అమరికలో ఉంది. మొదటి వంతులో ఒక మానా ఉంటుంది, దానికి ఒక మానా పని. రెండో వంతులో రెండు, దానికి రెండు మానాల పని. ఏ వంతులోనూ చేతిలో ఉన్న మానా వృథా పోకూడదు. అందుకు తగ్గట్టు ఏ ఖరీదు కార్డులు ఎన్ని ఉండాలో కొలిచి పెట్టారు. దీన్నే మానా కర్వ్‌ అంటారు. ఎదుటివాడు ఆరు మానాల మహావీరుడిని దించడానికి ఆరో వంతు దాకా కాచుకుని కూర్చుంటే, ఈలోగా రెండేసి ప్రాణాల చొప్పున చిన్నవాళ్ళు అతన్ని కొరికేస్తారు. మిగిలిన మూడు ప్రాణాలకు లైట్నింగ్‌ బోల్ట్‌ ఉండనే ఉంది. ఒకే మానా, మూడు దెబ్బలు. నెల మొదట్లో వచ్చిన డబ్బును ముప్పయ్యో తారీఖు దాకా సాగదీసే అమ్మలకు ఈ కర్వ్‌ ఎవరూ నేర్పక్కరలేదు.

ఈ కథ చెప్పగానే కొందరు ఉత్సాహంగా 'చూశారా, చవక కార్డులతో కూడా నెగ్గవచ్చు, డబ్బు లేకపోతే ఏం, పట్టుదల ఉంటే చాలు' అంటారు. వాళ్ళతోనే మాకు పేచీ. ఆ పోటీ టైప్‌ 2 పద్ధతిలో జరిగింది. అంటే ఇటీవల అచ్చయిన కార్డులే వాడాలి, పాత ఖరీదైన కార్డులు గేటు బయటే ఆగాలి. నాలుగుకు మించకూడదనే రూలు సరే సరి. ష్నైడర్‌ తెలివిని తక్కువ చెయ్యడం లేదు. ఆ తెలివి పారడానికి కాలువ తవ్విపెట్టింది ఆ నిబంధనలే అంటున్నాం. అవి లేని చోట అదే డెక్‌ గతి వేరుగా ఉండేది.

లేని చోటు ఎలా ఉంటుందో చూడాలంటే ధరలు చూస్తే చాలు. కొన్ని పాత కార్డులను మళ్ళీ ఎన్నటికీ అచ్చు వెయ్యబోమని కంపెనీ 1996లో మాట ఇచ్చి ఒక జాబితా ప్రకటించింది. సేకరించేవాళ్ళ సంతోషం కోసం చేసిన పని అది. ఫలితంగా లెగసీ అనే పద్ధతిలో ఆడేవాళ్ళకు అవసరమైన కొన్ని పాత భూముల కార్డులు ఒక్కోటి వందల డాలర్లు పలుకుతున్నాయి. బ్లాక్‌ లోటస్‌ అనే కార్డు ఒకటి 2021 జనవరిలో 5,11,100 డాలర్లకు వేలంలో పోయింది. అది గాజు పెట్టెలో పెట్టుకునే వస్తువు, ఆడే వస్తువు కాదు, దాన్ని వదిలేద్దాం. కానీ ఆడటానికే కావలసిన భూమి కొనలేనివాడు అక్కడ తెలివితక్కువవాడై ఓడిపోవడం లేదు. బల్ల దాకా రాకుండానే ఓడిపోతున్నాడు.

కొత్త ప్యాకెట్లు కొంటూ పోతే మంచి కార్డులు దొరకవా అని తమ్ముళ్ళు అడుగుతారు. తొలి రోజుల్లో ప్యాకెట్‌లో 15 కార్డులుంటే అందులో 11 కామన్‌, 3 అన్‌కామన్‌, ఒకే ఒక్క రేర్‌. కావలసిన రేర్‌ కోసం ప్యాకెట్లు చింపడం లాటరీ టికెట్లు కొనడం లాంటిదే. పోటీవాళ్ళు ఆ పని చెయ్యరు, కావలసిన కార్డును విడిగా కొనుక్కుంటారు. 2021లో ఈ ఆట అరీనా పేరుతో ఉచితంగా ఫోన్లలోకి వచ్చింది. మేమూ అక్కడే నేర్చుకున్నాం. అక్కడా కామన్‌ కార్డులు తేలిగ్గా వస్తాయి, రేర్‌ల దగ్గరికొచ్చేసరికి నెమ్మదిగా చెయ్యి జేబు మీదికి పోతుంది.

ఇక మాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. దాని పేరు పాపర్‌, అంటే నిరుపేద. ఏదో ఒక ముద్రణలో కామన్‌గా వచ్చిన కార్డులే అందులో వాడాలి. ఇంటర్‌నెట్‌లో ఆడే ఆటగాళ్ళ నుంచి మొదలై, 2019లో కాగితం కార్డుల పోటీలకు కూడా కంపెనీ గుర్తింపు పొందింది. లైట్నింగ్‌ బోల్ట్‌ ఇందులో ఉంది. ఎదుటివాడి మంత్రాన్ని అక్కడికక్కడే రద్దు చేసే కౌంటర్‌స్పెల్‌ కూడా ఉంది. పేరు చూసి ఇది పిల్లల ఆట అనుకున్నవాళ్ళు ఒకసారి కూర్చుని చూడాలి. పోటీకి ఎవరెవరు ఎలాంటి డెక్‌లు తెస్తారో ముందే ఊహించడం, మొదటి ఆట అయ్యాక 15 కార్డుల సైడ్‌బోర్డు నుంచి ఏది తీసి ఏది పెట్టాలో తేల్చుకోవడం, ఈ ఆటలో దాడి చేయాల్సింది తనా, కాచుకోవాల్సింది తనా అని గుర్తుపట్టడం, అన్నీ యథాతథం. మరీ బలమైన కార్డులు కామన్‌ అయినా సరే నిషేధిస్తారు. 2022 జనవరిలో ఆటాగ్‌ అనే కార్డును అలాగే తీసేశారు. అక్కడ తగ్గింది ప్రవేశ రుసుము మాత్రమే, స్థాయి కాదు.

ఈ మాట మరోసారి చెప్పాలనిపిస్తుంది. ఎందుకంటే హాస్టల్‌ అనగానే, రిజర్వేషన్‌ అనగానే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌ అనగానే 'మరి మెరిట్‌ సంగతేమిటి?' అనే ప్రశ్న మన వెనకే నడిచొస్తుంది. ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్ళం మనలో ఎందరమో. ఎవరి కట్ట ఎవరు కొనిపెట్టారో అడగకుండా ఆట ఫలితం మాత్రం చూసి మెరిట్‌ అనేవాళ్ళకు లెగసీ బల్లనూ పాపర్‌ బల్లనూ పక్కపక్కన చూపించాలి. పాపర్‌లో గెలిచినవాడిని చూసి 'రేర్‌ కార్డులు లేవు కాబట్టి గెలిచాడు' అని ఆట తెలిసినవాడెవడూ అనడు.

అందుకని ఈ సంచిక ద్వారా ఒక ప్రతిపాదన పెడుతున్నాం. వచ్చే వార్షికోత్సవానికి కబడ్డీ, క్యారమ్స్‌, చెస్‌లతో పాటు డెక్‌ కట్టే పోటీ ఒకటి పెడదాం. అసలు కార్డులు అక్కరలేదు. గుర్తింపు పొందిన టోర్నమెంట్లలో తప్ప, సొంతంగా ఆడుకోవడానికి చేత్తో రాసుకున్న కార్డులతో తమకు అభ్యంతరం లేదని కంపెనీయే 2016లో స్పష్టం చేసింది. కార్డు బలం దాని మీద రాసిన వాక్యంలో ఉంది, అట్టలో లేదు. ఈ ఆట కార్డులు తెలుగులో అచ్చు కాలేదు కాబట్టి ఆ వాక్యాలను మనమే తెలుగులో రాసుకోవాలి. అది ఇంకో మంచి పని. 'చెయ్యవచ్చు', 'చెయ్యాలి' అనే రెండు మాటల మధ్య ఒక ఆట మొత్తం తలకిందులవుతుంది. లా చదివే అన్నలు ఇక్కడ పనికొస్తారు.

పూర్వ విద్యార్థులు న్యాయనిర్ణేతలుగా వస్తే సంతోషం. అసలు కార్డులు కొనిపెడతామని మాత్రం దయచేసి అనవద్దు. ఒకరి చేతిలో మెరిసే కార్డు, ఇంకొకరి చేతిలో అట్టముక్క ఉంటే మళ్ళీ మొదటికొస్తాం. కావలసినవి చార్టు షీట్లు, కత్తెర, రెండు రంగుల పెన్నులు. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి 200 కామన్‌ కార్డుల జాబితా మెస్‌ నోటీసు బోర్డు పక్కన అంటిస్తాం. ఎవరి 60 వాళ్ళు అందులోంచే ఏరుకోవాలి. జాబితాలో లేని కార్డు తెచ్చినవాళ్ళను ఆడనివ్వం, ఫైనలియర్‌ అయినా సరే.