అరవై విస్తళ్ళ పెళ్ళి

పోయిన నెల యీ శీర్షికలో రక్తపోటు గురించి వ్రాశాను. ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, మాత్ర మానకండి అని మామూలుగా చెప్పేవే చెప్పాను. పత్రిక అందిన వారానికి మన సంఘంలోని ఒకావిడ ఫోను చేశారు. "డాక్టరుగారూ, అన్నీ బాగానే వ్రాశారు గాని అసలు కారణం వదిలేశారు. మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత ఆవిడే, "పిల్లలిద్దరూ చిన్నగా చేసుకుంటామంటున్నారు. ఈయనేమో నలుగురిలో తలెత్తుకోవద్దా అంటున్నారు. మీ చెల్లెలి పెళ్ళి మీరెలా చేశారో కాస్త వ్రాయండి" అన్నారు. అందుకని యీ నెల మందుల సంగతి పక్కన పెడుతున్నాను.

చెల్లెలి పెళ్ళి కంటే ముందు నా పెళ్ళి సంగతి చెప్పాలి. 2014లో తెనాలిలో జరిగింది. పన్నెండు వందల మంది భోంచేశారు. అందులో నా మొహం ఎరిగినవాళ్ళు రెండు వందల మంది ఉంటారేమో. నాన్న బడిపంతులు. ఎకరం పొలం అమ్మి, అది చాలక అప్పు చేశారు. ఆ అప్పు సంగతి నాకెవరూ చెప్పలేదు. 2019లో ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు రక్తపోటు చూస్తే 180/110 ఉంది. "మాత్రలు వేసుకుంటున్నారా నాన్నా?" అంటే "వేసుకుంటున్నానమ్మా" అన్నారు. మందుల డబ్బా తెరిచి లెక్కపెడితే తేలింది, రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. వడ్డీ కట్టిన నెలలో అదీ లేదు. నా పెళ్ళి భోజనాల మీద ఆయన ఐదేళ్ళుగా వడ్డీ కడుతున్నారు. కూతురి పెళ్ళికి చేసిన అప్పు కూతుర్ని తీర్చమనడానికి ఆయనకు నోరు రాలేదు. మా ఆయనా నేనూ కలిసి ఆ అప్పు తీర్చేశాం. కాని ఆ మాత్రల డబ్బా మాత్రం నేను మరిచిపోలేదు.

2023లో చెల్లెలికి సంబంధం కుదిరింది. ఇద్దరూ ఇక్కడే చదువుకుని ఉద్యోగాల్లో చేరి ఏడాది కాలేదు. ఇద్దరికీ చదువు అప్పులున్నాయి. నాన్న ఫోనులో, "ఇంకా ఎకరంన్నర ఉంది, అమ్మేస్తే ఇక్కడే ఘనంగా చేసేద్దాం" అన్నారు. చెల్లెలు ఒక్కటే మాట అంది. "నాన్నా, ఆ పొలం అమ్మితే నేను పెళ్ళే చేసుకోను." పిల్లలిద్దరూ చెరి రెండు వేల డాలర్లు తీసి నా చేతిలో పెట్టారు. "అక్కా, ఇందులో అయిపోవాలి" అన్నారు.

నాకు తెలిసి వచ్చిన మొదటి సంగతి ఇది. పెళ్ళి ఖర్చు తగ్గించడానికి ధరలు బేరమాడి లాభం లేదు, తలలు లెక్కపెట్టాలి. హాలు, భోజనం, కుర్చీలు, తాంబూలం సంచీలు అన్నీ తలలను బట్టే పెరుగుతాయి. కనుక ఒక కాగితం మీద ఒకటి నుంచి అరవై దాకా అంకెలు వేసి, ఆ తరువాత పేర్లు వ్రాయడం మొదలుపెట్టాం. పేర్లు ముందు వ్రాసి తరువాత కొట్టేద్దామనుకుంటే ఎవరినీ కొట్టెయ్యలేం. నాన్న పంపిన జాబితాలోనే 214 పేర్లున్నాయి!

రెండోది, పెళ్ళికి నిజంగా కావలసినవేమిటో చూసుకోవడం. మిషిగన్‌లో పెళ్ళి లైసెన్సుకు మేము కౌంటీ క్లర్కు ఆఫీసులో కట్టింది ఇరవై డాలర్లు. దరఖాస్తు పెట్టాక మూడు రోజులు ఆగాలి. 33 రోజుల లోపల పెళ్ళి జరగాలి. ఇద్దరు సాక్షులు కావాలి. వేరే రాష్ట్రాలలో యీ లెక్కలు మారతాయి, మీ కౌంటీలో అడగండి. పెళ్ళి చేయించే పురోహితుడు ఆ కాగితం మీద సంతకం చేసి తిరిగి పంపాలి, ఆయనకు ముందుగానే చెప్పి పెట్టుకోండి. ఇక మన వైపు చూస్తే, 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం సప్తపది ఉన్న పెళ్ళి ఏడో అడుగుతో పూర్తవుతుంది. 2024 ఏప్రిల్‌లో భారత సుప్రీం కోర్టు ఒక తీర్పులో, ఆ చట్టం కింద పెళ్ళికి క్రతువు జరగాలి, ఉత్త రిజిస్ట్రేషను కాగితం చాలదు అని చెప్పింది. పెళ్ళి అంటే ఆటపాటలకూ విందులకూ సందర్భం కాదని కూడా ఆ తీర్పులోనే అంది. ఏడడుగులకు డబ్బు పడదు. జీలకర్ర బెల్లం ఖరీదు డాలరు లోపే.

ఆ సంవత్సరం శ్రావణం అధికమాసం వచ్చింది. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా ముహూర్తాలు లేవు. నిజ శ్రావణంలో ఒక గురువారం ఉదయం ముహూర్తం కుదిరింది. శనివారమైతే గుడి హాలు అద్దె రెట్టింపు. గురువారం కాబట్టి 600 డాలర్లకు వచ్చింది. సెలవు పెట్టుకుని రాగలిగిన వారే వచ్చారు. అడిగినావిడ కోసం లెక్క యథాతథంగా ఇస్తున్నాను. హాలు 600, పురోహితుల దక్షిణ 400, అరవై మందికి భోజనం తలకు 19 చొప్పున 1,140, ఇద్దరికీ బట్టలు 900, పూలూ పూజ సామాను 310, ఫొటోలు 500, లైసెన్సు 20. మొత్తం 3,870. మిగిలిన 130తో మర్నాడు మిగిలిపోయిన చుట్టాలందరికీ టిఫిను పెట్టాం. మంగళసూత్రాలు పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి ఎవరివి వారు తెచ్చారు. అమ్మా నాన్నల టిక్కెట్లు మేము కొన్నాం. అవి యీ లెక్కలో లేవు. సన్నాయి టేపు మీద వచ్చిందే. దండలకు బంతిపూలు ఇక్కడి రైతుబజారులో బకెట్లతో కొన్నాం. ముందు రోజు రాత్రి ఆరుగురం కూర్చుని గుచ్చాం. ఆ రాత్రి మా అమ్మ పాడిన పాటలు పెళ్ళినాడు కూడా వినలేదు.

వంట దగ్గర మాత్రం డాక్టరుగా నా మాటే నెగ్గించుకున్నాను. స్నేహితులు తలా ఒక కూర వండి తెస్తామన్నారు. ఆగస్టు ఎండలో గంట ప్రయాణం, ఆ పైన ముహూర్తం ఆలస్యం. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 90 డిగ్రీలు దాటితే గంటే. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం చల్లారి అలాగే ఉంటే అవి మళ్ళీ పెరుగుతాయి, తిన్నవారికి వాంతులు పట్టుకుంటాయి. అందుకని వేడి వంటకాలన్నీ ఒకే వంటవారికి అప్పగించి, 140 డిగ్రీలకు తగ్గకుండా ఉంచమన్నాం. స్నేహితులను పొడి పిండివంటలు మాత్రం తెమ్మన్నాం. అరిసెలు, జంతికలు, కాజాలు వచ్చాయి. అమ్మ మా పొలంలో పండిన మినుములు వేయించి, విసిరించి, ఆ పిండి తెచ్చి సున్నుండలు చుట్టింది.

ఇంతవరకూ తేలికైన భాగం. కష్టమైనది నాన్న సంగతి. పెళ్ళికి వారం ముందు వచ్చారు. కన్యాదానం చేస్తున్నప్పుడు అటూ ఇటూ చూశారు. ఎవరి కోసం చూస్తున్నారో నాకు తెలుసు. ఆయన అన్నదమ్ములు ఒక్కరూ లేరు. ఆ రాత్రి, "నా పెళ్ళికి తిన్నవాళ్ళ ఋణం ఇంకా తీరలేదమ్మా" అన్నారు. నేను అంతదాకా పెద్ద పెళ్ళి అంటే గొప్ప కోసమనే అనుకున్నాను. ఆయన లెక్క వేరు. తిన్న ఇంటికి తిరిగి పెట్టాలి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చిన్న పెళ్ళిలో మనం మిగుల్చుకునే డబ్బుకు ఎవరో ఒకరి మనసు చెల్లిస్తుంది. ఆ సంగతి ఒప్పుకునే మొదలుపెట్టాలి.

నాన్న తనకు తోచిన దారి తనే వెతుక్కున్నారు. వెళ్ళేటప్పుడు తలంబ్రాలు చిన్న చిన్న పొట్లాలు కట్టించుకుని, పెట్టెలో సగం సున్నుండలు సర్దించుకున్నారు. ఊరు చేరాక నెల రోజులు ఆ 214 పేర్ల కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "పిలవలేకపోయాం, ఆశీర్వదించండి" అని చెప్పి వచ్చారు. చాలామంది కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మా పెద్దనాన్నగారు మాత్రం పొట్లం తీసుకోలేదు. ఇప్పటికీ మాటలు సరిగా లేవు. అది దాచి మీకు అంతా సుఖంగా జరిగిందని వ్రాయలేను.

ఇక ఒక మాట మీతో కూడా చెప్పాలి. మన సంఘంలోని కుటుంబాలలో ఆ రోజు మేము పిలిచింది పద్నాలుగు. మిగిలిన వారికి నేను ఇళ్ళకు వచ్చి చెప్పలేదు. నాన్న డెబ్భై ఏళ్ళ వయసులో చేసిన పని నేను ఇక్కడ కారు పెట్టుకుని కూడా చెయ్యలేదు. తరువాత దీపావళికి కలిసినప్పుడు ఒకరిద్దరు ముభావంగా ఉన్నారు, నేనూ తెలియనట్టే ఊరుకున్నాను. ఆ పద్నాలుగింటిలో లేని వారందరికీ యీ పేజీయే నా పొట్లం అనుకోండి.

ఫోను చేసిన తల్లిగారికి నా సలహా ఇంతే. అంకె ముందు వేసుకోండి. పిలవని వారికి పెళ్ళికి ముందే మీరే వెళ్ళి చెప్పండి, ఫొటోలు చూసి తెలుసుకునే దాకా ఆగకండి. మీ వారిని మాత్రం, నలుగురిలో తలెత్తుకోవడమంటే ఆయన లెక్కలో ఏమిటో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మా నాన్నను నేను ముందుగా అడగలేదు. ఇక మీ జాబితాలో నా పేరు పట్టకపోతే నిస్సంకోచంగా కొట్టెయ్యండి. రెండు అరిసెలు మాత్రం పంపండి.

మొన్న ఆదివారం నాన్న ఫోనులో తన రక్తపోటు చదివి వినిపించారు, 130/80. మాత్ర రోజూ వేసుకుంటున్నారట. ఎకరంన్నర అలాగే ఉంది. వరి కోతలయ్యాక మినుము చల్లారట.