ఆలస్యానికీ ఒక కులం ఉంది

2024లో సరిగ్గా ఆరు వారాల తేడాతో రెండు తీర్పులు వెలువడ్డాయి. మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబాను, ఆయనతో పాటు శిక్షపడిన వారిని నిర్దోషులుగా ప్రకటించింది. ఏప్రిల్ 16న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక న్యాయస్థానం వెంకటాయపాలెం దళితుల శిరోముండనం కేసులో నిందితులకు 18 నెలల జైలు శిక్ష విధించింది. మొదటిది నాగపూర్ నుంచి, రెండవది విశాఖ నుంచి వచ్చినా రెండింటి వేర్లూ గోదావరి డెల్టాలోనే ఉన్నాయి. సాయిబాబా అమలాపురంలో పుట్టి పెరిగినవాడు. వెంకటాయపాలెం నాటి తూర్పు గోదావరి జిల్లా రామచంద్రపురం మండలంలోని గ్రామం. పత్రికలు ఈ రెండు వార్తలనూ వేరువేరు పుటల్లో వేశాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితేనే మన న్యాయవ్యవస్థలో కాలం ఎవరి పక్షాన నడుస్తుందో తెలుస్తుంది.

సాయిబాబాది సామాన్య కుటుంబం. ఐదేళ్ల వయసులో పోలియో సోకి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. అమలాపురంలోని ఎస్‌కేబీఆర్ కళాశాలలో చదివి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య పూర్తిచేసి, ఢిల్లీలోని రామ్‌లాల్ ఆనంద్ కళాశాలలో ఆంగ్ల అధ్యాపకుడయ్యాడు. మధ్య భారతంలోని అడవుల్లో ఆపరేషన్ గ్రీన్ హంట్ పేరిట సాగిన సాయుధ చర్యలను వ్యతిరేకిస్తూ, ఆదివాసుల భూములను గనుల కంపెనీలకు అప్పగించడాన్ని ప్రశ్నిస్తూ ఆయన రాశాడు, మాట్లాడాడు, దేశవిదేశాల్లో మద్దతు కూడగట్టాడు. 2013 సెప్టెంబరులో ఆయన ఇంటికి పోలీసులు వచ్చింది దొంగసొత్తు వెతికే పేరుతో. గడ్చిరోలి జిల్లా అహేరి నుంచి తెచ్చిన వారెంటుతో వచ్చి, కంప్యూటర్ హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు పట్టుకుపోయారు. 2014 మే 9న పరీక్ష పత్రాలు దిద్ది ఇంటికి వెళుతుండగా ఆయనను అరెస్టు చేశారు. తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీకే పరిమితమైన మనిషిని నాగపూర్ కేంద్ర కారాగారంలోని అండా సెల్‌లో ఉంచారు. 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్స్ కోర్టు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే ఉపా కింద యావజ్జీవ శిక్ష విధించింది. ఆ న్యాయమూర్తి దృష్టిలో యావజ్జీవం కూడా చాలదు. శరీరానికి వైకల్యం ఉన్నా మెదడు చురుకుగా ఉన్నదన్నదే ఆయన అభ్యంతరం.

సాయిబాబా రాజకీయ విశ్వాసాలతో ఏకీభవించని వారు చాలామంది ఉండవచ్చు. మావోయిస్టుల హింసను ఖండించేవారు ఈ పుట పాఠకుల్లోనూ ఉంటారు. న్యాయస్థానం ముందున్న ప్రశ్న మాత్రం విశ్వాసాలది కాదు, సాక్ష్యాలది. నాగపూర్ ధర్మాసనం ఆ సాక్ష్యాలను పరిశీలించి, అభియోగాలు రుజువు కాలేదని తేల్చింది. ఎలక్ట్రానిక్ పరికరాల స్వాధీనాన్ని నమ్మదగిన విధంగా నిరూపించలేదని చెప్పింది. ఇంటర్నెట్ నుంచి ఒక భావజాలానికి చెందిన సాహిత్యాన్ని దించుకోవడం, దానిపట్ల సానుభూతి కలిగి ఉండడం దానంతట అదే నేరం కాదని స్పష్టం చేసింది. చేతిలోని ఫోన్‌లో చదివే, రాసే, పంచుకునే ప్రతి విద్యార్థికీ ఈ వాక్యంతో సంబంధం ఉంది. అంత చిన్న మాట న్యాయస్థానం నోట వినడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో ఎనిమిదేళ్లకు పైగా ఆయన జైల్లోనే గడిపాడు. 2020 ఆగస్టులో క్యాన్సర్‌తో తల్లి కన్నుమూస్తే కడసారి చూపుకు పెరోల్ దక్కలేదు. 2021లో ఉద్యోగం పోయింది. విడుదలైన ఏడు నెలలకే, 2024 అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో 57 ఏళ్ల వయసులో మరణించాడు.

ఇక రెండో తీర్పు. 1996 డిసెంబరు 29న వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకులను కట్టి కొట్టారు. వారిలో ఇద్దరికి తలలు, కనుబొమలు గొరిగించారు. మొదటి నిందితుడు తోట త్రిమూర్తులు అప్పట్లో రామచంద్రపురం శాసనసభ్యుడు. పట్టపగలు, ఊరి నడుమ జరిగిన ఘటన అది. రహస్య పత్రాలను, హార్డ్‌డిస్కులను శోధించాల్సిన పని ఎవరికీ లేదు. అయినా కింది కోర్టు తీర్పు రావడానికే 27 ఏళ్లకు పైగా పట్టింది. అప్పటికి సాక్షుల్లో పలువురు చనిపోయారు. ప్రభుత్వాలు మారాయి, నిందితుడు పార్టీలు మారాడు, మళ్లీ మళ్లీ ఎన్నికల్లో నిలిచాడు. తీర్పు వచ్చేనాటికి ఆయన శాసనమండలి సభ్యుడు. శిక్షపడిన కొద్ది వారాలకే మండపేట నుంచి శాసనసభకు పోటీ కూడా చేశాడు, ఓడిపోయాడు. అప్పీలు చేసుకునే హక్కు చట్టం ఆయనకూ ఇచ్చింది. దాన్ని కాదనడం లేదు. అడగవలసింది ఒక్కటే: 27 ఏళ్లకు పైబడిన ఆలస్యానికి మూల్యం చెల్లించింది ఎవరు?

సాయిబాబా కేసులో ఆలస్యం నిందితుణ్ణి శిక్షించింది. వెంకటాయపాలెం కేసులో ఆలస్యం నిందితుణ్ణి కాపాడింది. ఆలస్యాన్ని మనం న్యాయస్థానాల పనిభారంగా, జడ్జీల కొరతగా చూడడానికి అలవాటుపడ్డాం. ఆ కారణాలు నిజమే. కానీ భారం అందరిమీదా ఒకే తీరుగా పడినప్పుడే దాన్ని పనిభారం అనగలం. అధికారాన్ని ప్రశ్నించినవాడికి జైలుగానూ, ఊరి పెత్తందారుకు రక్షణ కవచంగానూ మారే ఆలస్యాన్ని కేవలం పాలనాలోపం అనలేం. దానికి ఒక సామాజిక స్వభావం ఉంది.

ఈ తేడా ఆలస్యంతో ఆగిపోలేదు. చట్టంలోని పద్ధతులకు ఎక్కడ ఎంత విలువ ఇస్తున్నారో చూడండి. ఉపా కఠినమైన చట్టం కాబట్టే 2008లో పార్లమెంటు అందులో ఒక రక్షణ చేర్చింది. స్వతంత్ర అధికారి సాక్ష్యాలను సమీక్షించాలి, ఆపై ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాతే కోర్టు విచారణకు స్వీకరించాలి. సాయిబాబా విషయంలో ఆ అనుమతి 2015 ఏప్రిల్‌లో, విచారణ మొదలై ఒక సాక్షి వాంగ్మూలం కూడా నమోదయ్యాక వచ్చింది. ఈ కారణం మీదే హైకోర్టు 2022 అక్టోబరు 14న, శుక్రవారం నాడు, ఆయనను విడుదల చేయమంది. మరునాడు శనివారం సుప్రీంకోర్టు ప్రత్యేకంగా సమావేశమై ఆ తీర్పును నిలిపివేసింది. కేసు గుణదోషాలలోకి పోకుండా పద్ధతి లోపంపైనే వదిలేశారన్నది ఆక్షేపణ. కనీసం గృహనిర్బంధంలో ఉంచమన్న విన్నపాన్నీ మన్నించలేదు. మళ్లీ మొదటి నుంచి వాదనలు విని, అదే హైకోర్టు రెండోసారి నిర్దోషి అనేసరికి మరో పదిహేడు నెలలు గడిచాయి.

దీని పక్కన చుండూరును నిలబెట్టండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన కేసు అది. ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు దర్యాప్తులోని, సాక్ష్యాల్లోని లోపాలను ఎత్తిచూపి అందరినీ వదిలేసింది. సాయిబాబా అరెస్టుకు సరిగ్గా పదిహేడు రోజుల ముందు సంగతి ఇది. ఆ తీర్పును ఆపడానికి ఏ శనివారమూ ఏ ధర్మాసనమూ అత్యవసరంగా కూర్చోలేదు. పోలీసు చేసిన తప్పు దళితుడి కేసును కూల్చగలదు. అదే పోలీసు చేసిన తప్పు సాయిబాబాను విడిపించబోతే, అది సాంకేతిక లోపమైపోతుంది.

బెయిలు విషయంలోనూ ఇదే తంతు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగమవుతోందన్న ఆందోళనతో సుప్రీంకోర్టు 2018 మార్చి 20న దాని కోరలు పీకింది. ప్రాథమిక విచారణ లేకుండా కేసు పెట్టరాదని, ముందస్తు బెయిలు ఇవ్వవచ్చని చెప్పింది. ఏప్రిల్ 2 భారత్ బంద్ తర్వాతే పార్లమెంటు చట్టాన్ని తిరిగి నిలబెట్టింది. సరిగ్గా ఏడాదికి, 2019 ఏప్రిల్ 2న, అదే సుప్రీంకోర్టు వటాలీ కేసులో ఉపా కింద బెయిలు మరింత దుర్లభమయ్యేలా తీర్పు ఇచ్చింది. ప్రాసిక్యూషన్ చూపిన సామగ్రిని ఆ దశలో లోతుగా శల్యపరీక్ష చేయరాదంది. అమాయకులు ఇరుక్కుంటారన్న బెంగ దళితులకు రక్షణగా ఉన్న చట్టం మీద మాత్రమే ఎందుకు కలుగుతోంది? ప్రజల మీద రాజ్యం ప్రయోగించే చట్టం మీద ఎందుకు కలగదు?

రెండు చట్టాలూ వేరు, నేర తీవ్రత వేరు, దేశ భద్రతను ఊళ్లో గొడవతో పోల్చడమేమిటని కొందరు అంటారు. పోలిక నేరాల మధ్య కాదు, రాజ్యం చూపే తొందర మధ్య. పైగా ఊళ్లో దళితుడి తల గొరిగితే అది రాజ్యాంగంపై దాడి కాదని ఎవరు నిర్ణయించారు? వెంకటాయపాలెం కేసు ఇంకా వాయిదాల్లో నలుగుతుండగానే, 2020 జులైలో అదే తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీసు స్టేషన్‌లో ఇసుక లారీలను అడ్డుకున్న దళిత యువకుడికి శిరోముండనం చేశారు. ఎస్సైని సస్పెండ్ చేసి, అరెస్టు చేశారు. కానీ తనకు న్యాయం దక్కడం లేదంటూ, నక్సలైట్లలో చేరడానికి అనుమతించమని ఆ యువకుడు రాష్ట్రపతికే లేఖ రాశాడు. ఊరి పెద్దలు వేసిన శిక్షకు సకాలంలో శిక్ష పడకపోతే అది పోలీసు స్టేషన్‌లోకే వచ్చి కూర్చుంటుందని సీతానగరం చూపింది. దేశ భద్రతకు ముప్పు పుస్తకాల్లోంచి వస్తుందో, న్యాయం నిరాకరించడంలోంచి వస్తుందో ఆ లేఖ చెబుతుంది.

సాయిబాబా కేసులోనే మరో మెట్టు కిందికి దిగి చూడాలి. ఆయనకు తెలుగు నేలమీద, ఢిల్లీలో, ఐక్యరాజ్యసమితి నిపుణుల దాకా మాట్లాడేవారు ఉన్నారు. ఆయనతో పాటు యావజ్జీవ శిక్షపడిన గడ్చిరోలి ఆదివాసి పాండు నరోటే పేరు ఎంతమందికి తెలుసు? 2022 ఆగస్టులో, మొదటి నిర్దోషి తీర్పుకు రెండు నెలలు కూడా లేని సమయంలో, 33 ఏళ్ల వయసులో ఆయన ఖైదీగానే జబ్బుతో చనిపోయాడు. సాయిబాబా తరఫున వాదించిన దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్‌ను 2018 జూన్ 6న భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. నిర్బంధంలోనూ నిచ్చెనమెట్లు ఉన్నాయి. నిరసనలోనూ ఉన్నాయని ఒప్పుకోవాలి. ప్రొఫెసర్ కోసం రాసిన చేతులు ఆదివాసి కోసం ఎన్నిసార్లు రాశాయో పౌరహక్కుల ఉద్యమం లెక్క చూసుకోవాలి.

కోనసీమకు ఈ పాఠం కొత్తది కాదు. అక్కడి కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లినవాడు, కారంచేడు, చుండూరు బాధితుల పక్షాన నిలిచిన న్యాయవాది. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చేయాలో పేదలకు అర్థమయ్యే తెలుగులో పుస్తకం రాశాడు. పద్ధతి అనేది డబ్బున్నవాడి వకీలు వాడే ఎత్తుగడ కాదని, ఏ అండా లేనివాడికి మిగిలే చివరి అండ అని ఆయన గ్రహించాడు. ఆ గ్రహింపు ఇప్పుడు మరింత అవసరం.

అందుకు స్పష్టమైన కోర్కెలు ఉండాలి. అభియోగపత్రం దాఖలైన రెండు నెలల్లో సాధ్యమైనంత వరకు విచారణ పూర్తికావాలని ఎస్సీ, ఎస్టీ చట్టానికి 2015లో చేసిన సవరణ చెబుతోంది. ఆ గడువు దాటిన ప్రతి కేసుకూ కారణం ఏమిటో రాష్ట్ర ప్రభుత్వం బహిరంగంగా చెప్పాలి. అక్రమ ప్రాసిక్యూషన్ బాధితులకు పరిహారం ఇచ్చే చట్టం తేవాలని లా కమిషన్ 2018లోనే తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం నేటికీ రాలేదు. వస్తే మొదటి దరఖాస్తు సాయిబాబా పేరుతో కాదు, పాండు నరోటే కుటుంబం పేరుతో పడాలి. ప్రొఫెసర్ నిర్దోషి అని తెలుసుకుని పోయాడు. ఆ ఆదివాసికి ఆ మాట వినే అవకాశం కూడా దక్కలేదు.