ముందు గిటార్, తర్వాతే స్టూడియో

పిల్లలు గిటార్ అడగగానే ఆడియో ఇంటర్‌ఫేస్, కండెన్సర్ మైక్, హెడ్‌ఫోన్లు అన్నీ ఒకేసారి కొనిచ్చే తల్లిదండ్రులున్నారు. చదువు పాడవుతుందని అసలే వద్దనేవారూ ఉన్నారు. రెండూ సరికాదు.

ముందు చేతికి సరిపడే గిటార్ కొనండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల వారికి త్రీ ఫోర్త్ సైజు చాలు. నైలాన్ తీగలైతే వేళ్లకు నొప్పి తక్కువ. ఆరు నెలలు సాధన ఆగకుండా సాగితే అప్పుడు మైక్ సంగతి చూడొచ్చు. అంతవరకు ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. పరుపు, కర్టెన్లు ఉన్న గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది.

మన పల్నాటి వీరుల కథను ఇక్కడి గాయకుడు పాడగా, అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ టేపులో రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చారు. దానికి విలువ తెచ్చింది టేపు రికార్డరు కాదు, గాయకుడి ఏళ్ల సాధన.

కాబట్టి స్టడీ అవర్ అయ్యాక రోజూ ఓ అరగంట పిల్లలకు వదలండి. ఖరీదైన పరికరాలకన్నా వారికి ముందు కావాల్సింది అదే.