అద్దపుపెట్టె యెదుట తల్లి



మా యాడుబిడ్డకు ఎనిమిదవ నెలలోనే ప్రసవమైనది. శిశువును ఆసుపత్రిలో అద్దపుపెట్టెయం దుంచి తల్లిని ఇంటికి పంపిరి. చూడవచ్చినవారెల్లరు “బిడ్డ తూకమెంత?” అనిరే గాని, “నీకు నిద్ర పట్టుచున్నదా?” అని యొక్కరును అడుగలేదు. నేనును అడుగలేదు. నాలుగవనాటి రాత్రి బిడ్డకొరకు పాలు పిండి గిన్నెలో పట్టుచు, “వదినా! నా లోపము వలననే కదా దీనికీ గతి?” అని యామె యేడ్చినది.

ఎంత మాట! నెలలు నిండక కాన్పగుటకు హేతువు పలుమారు వైద్యులకే యంతుపట్టదు. తల్లి దోషమేమి? పైగా, పురిటిదినములు గడువనిదే గడప దాటరాదని మా పెద్దలు. ఆచారమందు నాకును గౌరవము కలదు. కాని యిది తగదు.

1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, పెట్టెలు చాలక, ఎడ్గార్ రే అను వైద్యుడు శిశువులను తల్లుల రొమ్మున కానించి పెంచు పద్ధతి నారంభించెను. దానివలన బిడ్డకు వెచ్చదనము, తల్లికి ధైర్యము. పుట్టిన పిదప వీలైనంత త్వరగా నట్లు చేయుడని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. మన కేంద్రప్రభుత్వమును 2017లో, తలిదండ్రులను శిశుసేవలో చేర్చుకొనుటకు ఆసుపత్రులకు మార్గదర్శకములు వెలువరించినది. కావున “మమ్ము లోనికి రానిత్తురా?” యని యడుగుటకు జంకవలదు.

తండ్రిని మరువకుడు. మందులు తెచ్చుచు, వరండాలో నిలుచుండి, కన్నీరు మ్రింగువాడతడు. రెండు వారములు దాటియు దుఃఖము, నిద్రలేమి తగ్గనిచో వైద్యునకు చెప్పవలెను. 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగుననే మాటలాడుదురు, రుసుము లేదు.

ఆరవనాడు నేనే యామెను ఆటోలో తీసికొనిపోతిని. నర్సు శిశువును ఆమె రొమ్మున నుంచినది. తిరిగివచ్చునపుడు, ఆకలియగుచున్నదని తానే చెప్పినది.