ముందు గోడ, తరువాత గోపురం

చిల్లుకుండలో ఎన్ని బిందెల నీరు పోసినా నిలవదు. పల్లెల్లో పసిపిల్లలకు సైతం తెలిసిన సత్యమిది. అయినప్పటికీ చిల్లు ఎక్కడ ఉన్నదో వెతికి చూసే ఓర్పు పెద్దలలో కూడా అరుదే. బిందె మీద బిందె పోయడమే సులభమని మనకు తోస్తుంది. ఈ బలహీనతను జయించినవారికి లభించే ఫలం ఎటువంటిదో తెలుసుకోవడానికి అమెరికా క్రీడారంగంలోని ఒక ఉదంతం చక్కగా ఉపకరిస్తుంది.

ఫుట్‌బాల్ అనగానే మనకు కోల్‌కతా మైదానాలు జ్ఞాపకం వస్తాయి. అమెరికనులు ఆ పేరుతో పిలుచుకునే ఆట వేరు. కోడిగుడ్డు వలె కోలగా ఉండే బంతిని నూరు గజాల మైదానంలో ముందుకు తీసుకుపోయి, ప్రత్యర్థి గీతను దాటించాలి. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. వాటిలో పది గజాలు సాగితే మరల నాలుగు లభిస్తాయి. సాగలేకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. దాడికి పదకొండుగురు, రక్షణకు వేరొక పదకొండుగురు. రక్షణ దళం మూడు వరుసలుగా నిలుస్తుంది. ముందు వరుసలో మహాకాయులు, వారి వెనుక లైన్‌బ్యాకర్లు, అందరికంటె వెనుక వేగంగా పరుగెత్తి గాలిలోని బంతిని అడ్డుకునే వారు. కోట గోడ, కావలి దళం, అంతఃపుర రక్షకులు అనుకుంటే పోలిక సరిపోతుంది.

మన క్రికెట్, కబడ్డీ లీగులలో ఆటగాళ్లను వేలంలో కొనుక్కుంటారు. అమెరికాలో కళాశాలల నుంచి వచ్చే యువకులను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దీనినే డ్రాఫ్ట్ అంటారు. గత సంవత్సరం అందరికంటె ఎక్కువగా ఓడిన జట్టుకు మొదటి వంతు, విజేతకు చివరి వంతు. బలవంతులే మరింత బలవంతులు కాకూడదని ఫిలడెల్ఫియా జట్టు యజమాని బర్ట్ బెల్ ప్రతిపాదించగా, 1936లో ఈ పద్ధతి ఆరంభమైంది. ఇప్పుడు 32 జట్లు ఏడు విడతలుగా ఎంపిక చేసుకుంటున్నాయి. 1969లో 26 జట్లు, పదిహేడు విడతలు.

ఓడినవాడికి మొదటి అవకాశం ఇవ్వడం న్యాయమే. కాని ఆ అవకాశంతో ఏమి కోరుకోవాలో తెలియనివాడికి అది వరం కాజాలదు. ఇందుకు పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టే సాక్ష్యం. ఉక్కు కర్మాగారాలకు ప్రసిద్ధి గాంచిన ఆ నగరంలో 1933లో ఆర్ట్ రూనీ స్థాపించిన ఈ జట్టు, 1968 వరకు ఒక్క పర్యాయమైనా లీగు విజేత కాలేదు. 1968లో ఆడిన పద్నాలుగు ఆటలలో గెలిచినవి రెండు, సమానమైనది ఒకటి, తక్కినవన్నీ పరాజయాలే.

1969 జనవరి 27వ తేదీన చక్ నోల్ అనే ముప్పది ఏడేళ్ల శిక్షకుని చేతికి ఈ జట్టు పగ్గాలు వచ్చాయి. ఆ మరునాడే డ్రాఫ్ట్! స్టీలర్స్‌ది నాలుగవ వంతు. ఆ ప్రాంతపు బిడ్డ, నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో పేరు తెచ్చుకున్న టెరీ హాన్రాటీని తీసుకోవాలని అభిమానుల ఆకాంక్ష. అతడు క్వార్టర్‌బ్యాక్, అనగా దాడి దళానికి సారథి. జనం చూసేది అతనిని, జయజయధ్వానాలు చేసేది అతనికి. ఓడి ఓడి విసిగిన నగరానికి అటువంటి కథానాయకుడు కావాలనిపించడం సహజమే.

నోల్ మాత్రం జో గ్రీన్ అనే డిఫెన్సివ్ టాకిల్‌ను ఎన్నుకున్నాడు. ముందు వరుస నడుమ నిలిచి ప్రత్యర్థిని ఢీకొనే స్థానమది. నార్త్ టెక్సాస్ స్టేట్ నుంచి వచ్చిన ఆ యువకుని పేరు పిట్స్‌బర్గ్‌లో ఎందరో విననే లేదు. ‘ఎవరీ జో?’ అని స్థానిక పత్రిక శీర్షికలోనే ప్రశ్నించింది. హాన్రాటీ రెండవ విడతలో ఎలాగూ దొరికాడు. కాని మొదటి అవకాశాన్ని గోపురానికి గాక గోడకు వినియోగించాడు నోల్.

ఎందుకు? అంతకు పూర్వం శాన్ డియేగో, బాల్టిమోర్ జట్లలో రక్షణ శిక్షకునిగా పనిచేసిన అనుభవం ఆయనది. రక్షణలోని లోపాన్ని అంచనా వేయడం వైద్యుడు రోగం నిర్ణయించడం వంటిది; నొప్పి ఒకచోట ఉంటుంది, మూలం మరొకచోట ఉంటుంది. వెనుక వరుసవారి తల మీదుగా బంతి పదేపదే దాటిపోతున్నదంటే, వారు అసమర్థులని చూసేవారు తీర్పు చెబుతారు. నిజానికి ముందు వరుస ఒత్తిడి చేయలేకపోవడం వల్ల ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌కు తీరుబడిగా గురిచూసుకునే వ్యవధి చిక్కుతున్నదేమో! అంతసేపు ఎవరి వెంట పరుగెత్తినా పట్టుబడరు. అట్లే లైన్‌బ్యాకర్లు ఎదుటివారిని ఆపలేకపోతున్నారంటే, ముందున్నవారు చోటు విడిచి వెనక్కు నెట్టబడుతున్నారేమో చూడాలి. ముందు వరుస గట్టిపడితే వెనుకవారి లోపాలు కొన్ని వాటంతట అవే మాసిపోతాయి. వెనుక ఎంతటి వేగవంతుని నిలిపినా ముందున్న గోడ మాత్రం గట్టిపడదు. కనుక లెక్క ముందునుంచి మొదలు కావాలి.

ఈ లెక్కకు మరొక ముఖం ఉన్నది. ఖాళీ ఉన్నది కదా అని దొరికినవానితో పూరిస్తే ఆ ఖాళీ మరి రెండేళ్లకు తిరిగి కనిపిస్తుంది. అవసరం ఎటు చూడాలో చెబుతుంది. ఎవరిని తీసుకోవాలో చెప్పవలసింది ప్రతిభ. పరుగు, బలం, నేర్చుకునే బుద్ధి, ఓటమిని సహించని పట్టుదల ఉన్నవాడు కనిపించేవరకు ఆగగలగాలి. ఇప్పటి జట్లకు ఈ పని మరింత క్లిష్టం. ఆటగాళ్లు ఒప్పందం ముగిశాక వేరొక జట్టుకు పోయే స్వేచ్ఛ 1993 నుంచి, జీతాల మొత్తంపై పరిమితి 1994 నుంచి అమలులోకి వచ్చాయి. అందుచేత ఈనాడు ఎవరున్నారన్నదే గాక, వచ్చే ఏడాది ఎవరు వెళ్లిపోతారు, ఎవరి వయస్సు మీరుతున్నది అనే సంగతి కూడా లెక్కలో చేర్చవలసి ఉంటుంది.

గోడ ఒక్క రాయితో లేవదు. తక్కిన రాళ్ల కోసం స్టీలర్స్ ఇతరులు చూడనిచోట వెతికారు. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతీయుల పత్రికలో క్రీడారచయితగా పనిచేసిన బిల్ నన్, దక్షిణ రాష్ట్రాలలోని నల్లజాతి కళాశాలల ఆటగాళ్లను ఏళ్ల తరబడి స్వయంగా పరిశీలించినవాడు. పెద్ద జట్లు ఆ కళాశాలల వైపు అంతగా దృష్టి సారించని రోజులవి. నన్ జ్ఞానాన్ని ఈ జట్టు వినియోగించుకున్నది. అటువంటి కళాశాలల నుంచే ఎల్.సి. గ్రీన్‌వుడ్ 1969లో పదవ విడతలోను, మెల్ బ్లౌంట్ 1970లో మూడవ విడతలోను, ఎర్నీ హోమ్స్ 1971లో ఎనిమిదవ విడతలోను లభించారు. 1974లో డోనీ షెల్‌ను ఏ జట్టూ ఎంచుకోలేదు. డ్రాఫ్ట్ ముగిశాక స్టీలర్స్‌లో చేరి, 2020 నాటికి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ కీర్తిమందిరానికి ఎంపికైనాడు. నన్‌కు సైతం 2021లో ఆ గౌరవం దక్కింది. చూపులో పక్షపాతం ఉన్నవాడికి అవసరమైన మనిషి ఎదుటే ఉన్నా కనిపించడన్న పాఠం ఇందులో ఇమిడి ఉన్నది.

ఫలితం వెంటనే వచ్చిందని పాఠకులు భావించవద్దు. నోల్ తొలి సంవత్సరంలో జట్టు మొదటి ఆట గెలిచి, తరువాతి పదమూడూ ఓడిపోయింది! గోపురం కోరినవారు ఎంతగా పరిహసించి ఉంటారో ఊహించవచ్చు. అయినా రూనీ కుటుంబం శిక్షకుని తొలగించలేదు. శిక్షకుడు తన లెక్కను మార్చుకోలేదు. 1970లో టెరీ బ్రాడ్‌షా అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్న తరువాత కూడా గోడ పని ఆగలేదు. మరుసటి ఏడాది జాక్ హామ్, డ్వైట్ వైట్ వచ్చారు. గ్రీన్, గ్రీన్‌వుడ్, వైట్, హోమ్స్ నలుగురూ కలిసిన ముందు వరుసకు ‘ఉక్కుతెర’ అని పేరు స్థిరపడింది.

1974లో మొదటి అవకాశాన్ని లిన్ స్వాన్ అనే బంతిని అందుకునే ఆటగానికి వినియోగించారు. గోడ లేచింది గనుక గోపురానికి వేళ అయినది. రెండవ విడతలో జాక్ లాంబర్ట్ వచ్చాడు. పొడగరే గాని, లైన్‌బ్యాకర్‌కు తగినంత కండలేని బక్కపలుచని వాడు. ఆ స్థానంలో ఆడవలసిన అనుభవశాలి గాయపడగా, ఈ కొత్తవాడే అక్కడ పాతుకుపోయాడు.

1975 జనవరి 12న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో స్టీలర్స్ 16-6 తో మిన్నెసోటాను ఓడించి తొలిసారి విజేతలైనారు. ఆ రోజు ప్రత్యర్థులు ఇరవై ఒక్క పర్యాయాలు బంతితో పరుగెత్తి సాధించినది కేవలం పదిహేడు గజాలు! తరువాతి ఐదేళ్లలో మరి మూడు పర్యాయాలు అదే కిరీటం వారిని వరించింది. 1976లో విజేతలు కాకపోయినా, ఆ ఏటి రక్షణనే కొందరు మరింత గొప్పగా చెప్పుకుంటారు. మొదటి ఐదు ఆటలలో నాలుగు ఓడి, బ్రాడ్‌షా గాయపడి, ఆశ సన్నగిల్లినవేళ, చివరి తొమ్మిది ఆటలూ గెలిచారు. ఆ తొమ్మిదింటిలో ప్రత్యర్థులందరూ కలిసి సాధించినవి ఇరవై ఎనిమిది పాయింట్లు మాత్రమే. ఐదు ఆటలలో సున్నా.

ఏటా ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ సమీపించగానే అమెరికాలో ప్రతి నగరమూ తన కథానాయకుని కోసం కలలు కంటుంది. అది తప్పు కాదు. కాని జట్టు పెద్దలు కూడా అదే కలలో మునిగితే ఓటమి కొనసాగుతుంది. గృహం నడిపేవారికి, పాఠశాల నిర్వహించేవారికి, కార్యాలయంలో కొత్తవారిని నియమించేవారికి కూడా ఇది వర్తిస్తుంది. మనకు ఏమి ఇష్టమో అందరం ఎరుగుదుము. మనకు ఏమి లేదో ఒప్పుకోవడానికే ధైర్యం కావాలి. ఒప్పుకున్న తరువాత, పదమూడు ఓటములు ఎదురైనా ఆ మాట మీద నిలబడడానికి అంతకు మించిన ధైర్యం కావాలి.