మృతుల జాబితాకు ఆఖరు తేదీ పెట్టొచ్చా?

1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు ఎంతమంది బలయ్యారు? పాఠ్యపుస్తకాలు తిరగేసినా, విజ్ఞాన సర్వస్వాలు తిరగేసినా 69 అనే ఉంటుంది. ఆ లెక్క చెప్పింది కాల్పులు జరిపిన ప్రభుత్వమే. చరిత్రకారులు నాన్సీ క్లార్క్, విలియం వర్గర్ ఇటీవలి సంవత్సరాల్లో పాత పోలీసు రికార్డులనూ, శవపరీక్షల కాగితాలనూ, ఆ ఊళ్లో బతికి బయటపడ్డవారి మాటలనూ పక్కపక్కన పెట్టి చూశారు. కనీసం 91 మంది చనిపోయారని తేల్చారు. అంటే ఇరవై మందికి పైగా మనుషులు అరవై ఏళ్లపాటు ఏ అధికారిక లెక్కలోనూ లేరు. మార్చి 21ని జాతివివక్ష నిర్మూలన దినంగా ఐక్యరాజ్య సమితి ప్రకటించడానికి కారణమైన ఊచకోత ఇది. దాని లెక్కే ఇలా ఉంటే, పత్రికలకెక్కని టౌన్‌షిప్‌లలో రాలిపోయినవారి సంగతి ఎవరు చెప్పాలి?

వర్ణవివక్ష ప్రభుత్వం మనుషులను చంపడమే కాదు, చావుకు కారణాలు కూడా తానే రాసుకుంది. ఒకరు స్నానాల గదిలో సబ్బు మీద జారి పడ్డారు, ఒకరు మెట్ల మీంచి దొర్లారు, ఇంకొకరు కిటికీలోంచి దూకేశారు. నిర్బంధంలో చనిపోయినవారి ఫైళ్లలో సాక్షాత్తూ ఇవే కారణాలు. మేజిస్ట్రేట్లు వాటి కింద సంతకాలు పెట్టారు.

ఆ ఫైళ్లకు పోటీగా లెక్క రాసింది తల్లిదండ్రులు. 1981లో జోహన్నెస్‌బర్గ్‌లో మాక్స్ కోల్‌మన్, ఆడ్రీ కోల్‌మన్ దంపతులు, తమలాగే పిల్లలను భద్రతా పోలీసులు పట్టుకెళ్లిన కుటుంబాలతో కలిసి నిర్బంధితుల తల్లిదండ్రుల సహాయ సంఘం పెట్టారు. ఎవరిని ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎక్కడ ఉంచారు, ఎప్పుడు వదిలారు అన్నదే వాళ్ల రోజువారీ పని. 1988 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ సంఘం కార్యకలాపాలను నిషేధిస్తే, అదే ఏడాది మానవ హక్కుల కమిషన్ పేరుతో ఇంకో సంస్థ పెట్టి పని సాగించారు. విచారణ లేకుండా నిర్బంధానికి గురైనవారు దాదాపు 80 వేల మంది అనే అంచనా ఇలాంటి శ్రమలోంచి వచ్చిందే. 1990-94 మధ్య, అంటే మండేలా విడుదల నుంచి తొలి ఎన్నికల దాకా, రాజకీయ హింసకు సుమారు 14 వేల మంది బలయ్యారని కూడా ఆ సంస్థే లెక్క కట్టింది. ‘శాంతియుతంగా చేతులు మారిన అధికారం’ అని లోకం మెచ్చుకున్న కాలం అది.

అవతలి పక్షం ఆ సమయంలో ఏం చేస్తున్నట్టు? కాగితాలు తగలబెడుతోంది. జాతీయ నిఘా సంస్థ ప్రధాన కార్యాలయం ఒక్కటే 1993లో సుమారు 44 టన్నుల రికార్డులను మాయం చేసిందనీ, ప్రిటోరియాలోని ఇస్కోర్ ఉక్కు కర్మాగారం కొలిమిని అందుకు వాడుకుందనీ తరవాత సత్యం-సయోధ్య కమిషన్ నమోదు చేసింది. రికార్డు లేకపోతే నేరం లేదన్న లెక్క కాబోలు. ఆ బూడిద వల్లే నేటికీ చాలా కుటుంబాలకు బిడ్డ చావుకు రుజువు చూపే దారి లేదు.

డెస్మండ్ టుటూ అధ్యక్షతన ఆ కమిషన్ చేసిన పని చిన్నది కాదు. 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ నగరంలో మొదలైన బహిరంగ విచారణలు దేశమంతా తిరిగాయి. 21 వేలకు పైగా బాధితుల వాంగ్మూలాలు పోగయ్యాయి. క్షమాభిక్ష కోసం ఏడు వేల పైచిలుకు దరఖాస్తులు రాగా 849 మందికి మంజూరైంది. కమిషన్ నివేదికలో ఏడో సంపుటం మొత్తం బాధితుల పేర్లే. అక్షరక్రమంలో వేల మనుషులు, ఒక్కొక్కరికి కొద్ది వాక్యాలు. ఒక రాజ్యం తన చేతుల్లో నలిగిన సామాన్యుల పేర్లను ఇంత వివరంగా అచ్చు వేయడం అరుదు.

చిక్కంతా ఆ జాబితాకు పెట్టిన హద్దుల్లో ఉంది. 1960 మార్చి 1కి ముందు జరిగినవి పనికిరావు. హత్య, అపహరణ, చిత్రహింస, తీవ్రమైన అమానుష ప్రవర్తన మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఇళ్లు కూల్చి తరిమేసిన లక్షల కుటుంబాలు ఈ నిర్వచనంలో బాధితులు కాలేదు. 1997 డిసెంబరులో వాంగ్మూలాల స్వీకరణ ఆపేశారు. క్వాజులు-నాటాల్‌లో ఇంకాతా పార్టీ కమిషన్‌కు సహకరించవద్దని తన వాళ్లకు చెబుతూ వచ్చి, గడువు ముంచుకొచ్చాక మనసు మార్చుకుంది. మారుమూల పల్లెల్లో ఉన్నవాళ్లు, భయంతో నోరు విప్పనివాళ్లు, అసలు కబురే అందనివాళ్లు బయటే ఉండిపోయారు. పైగా వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన స్త్రీలలో చాలామంది భర్తకు, కొడుకుకు జరిగిందే చెప్పి, తమకు జరిగింది చెప్పకుండా వెళ్లిపోయారని కమిషనే గమనించి స్త్రీల కోసం ప్రత్యేక విచారణలు పెట్టాల్సి వచ్చింది.

గడువు దాటాక ఆ జాబితా తలుపు మూసేశారు. పరిహారం కావాలంటే అందులో పేరుండాలి. పేరున్నవారికైనా ఏం ఒరిగింది? ఆరేళ్లపాటు ఏటా సాయం చేయాలని కమిషన్ సిఫార్సు చేస్తే, 2003లో థాబో ఎంబెకి ప్రభుత్వం ఒక్కసారికి 30 వేల ర్యాండ్‌లు ఇచ్చి చేతులు దులుపుకుంది. బాధితుల సంఘం ఖులుమాని దగ్గర లక్షకు పైగా పేర్లు నమోదయ్యాయి. ప్రభుత్వ జాబితా దానికి ఆమడ దూరంలో ఆగిపోయింది.

ప్రభుత్వ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఖజానాకు హద్దుంటుంది, దొంగ దరఖాస్తులు వస్తాయి, ఎక్కడో ఒకచోట గీత గీయాల్సిందే. కానీ పరిహారం కోసం పెట్టిన అధ్యక్షుడి నిధిలో వంద కోట్ల ర్యాండ్‌లకు పైగా ఖర్చుకాకుండా మూలుగుతున్నాయి. వృద్ధులైన బాధితులు, ఎక్కువమంది స్త్రీలే, జోహన్నెస్‌బర్గ్‌లో రాజ్యాంగ న్యాయస్థానం బయట 2023 చివరి నుంచి పడుకుని నిరసన తెలుపుతున్నారు. కొరత డబ్బుకు కాదు. డబ్బుకూ పేరుకూ ముడిపెట్టడమే అసలు తప్పు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది ఖజానా నిర్ణయం కావచ్చు. ఎవరు చనిపోయారన్నది మాత్రం ఖజానా నిర్ణయించేది కాదు.

మూసేసిన ఫైలు తెరిస్తే ఏమవుతుందో చూపడానికి అహ్మద్ తిమోల్ ఒక్కడు చాలు. భారత సంతతికి చెందిన ఈ ఉపాధ్యాయుడు 1971 అక్టోబరు 27న జోహన్నెస్‌బర్గ్‌లోని జాన్ వోర్‌స్టర్ స్క్వేర్ పోలీసు భవనం పదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు పోలీసులు, అవునన్నాడు మేజిస్ట్రేటు. మేనల్లుడు ఇంతియాజ్ కాజీ ఏళ్ల తరబడి సాక్షులను వెతికి పట్టుకుంటే మరణ విచారణ మళ్లీ జరిగింది. పడకముందే ఒళ్లంతా గాయాలున్నాయని శవపరీక్ష నివేదికను తిరిగి చదివిన నిపుణులు చెప్పారు. అది హత్యేనని 2017 అక్టోబరులో న్యాయమూర్తి బిల్లీ మోత్లే తీర్పు చెప్పారు. ఆ కేసులో నిందితుడైన మాజీ పోలీసు జువావ్ రోడ్రిగ్స్ 2021లో, విచారణ మొదలుకాకుండానే, ముసలితనంలో చనిపోయాడు.

తరవాత నిర్బంధంలోనే చనిపోయిన డాక్టర్ నీల్ అగెట్, ఇమామ్ అబ్దుల్లా హరోన్ కేసులూ తిరగబడ్డాయి. 1967లో రైలు ఢీకొని చనిపోయాడని రాసిన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఆల్బర్ట్ లుతులీని కొట్టి చంపారని 2025 అక్టోబరులో పీటర్‌మారిట్జ్‌బర్గ్ న్యాయస్థానం తేల్చింది. ప్రపంచమెరిగిన మనిషికే 58 ఏళ్లు పట్టింది.

చట్సవర్త్ కుర్రాడు లెన్నీ నాయుడి పేరు మన పాఠకులకు పరాయిదిగా తోచదు. మద్రాసు రేవు నుంచి చెరకు తోటలకు వెళ్లిన తెలుగు, తమిళ కూలీల వారసులు నిండిన డర్బన్ శివారు అది. స్వాజీలాండ్ నుంచి సరిహద్దు దాటి వస్తుండగా 1988 జూన్‌లో పీట్ రిటీఫ్ దగ్గర పోలీసులు మాటువేసి, సహచరులతో పాటు అతన్నీ కాల్చేశారు. పోలీసులే కమిషన్ ముందు నోరు విప్పబట్టి ఇలాంటి మాటుల వెనక ఏం జరిగిందో కొంతైనా బయటికొచ్చింది. నోరు విప్పనివారి చేతుల్లో పోయినవాళ్ల మాటేమిటి?

వాళ్ల కోసం పనిచేస్తున్న ప్రభుత్వ విభాగం ఒకటి ఉంది. 2005లో ప్రాసిక్యూషన్ విభాగంలో ఏర్పడిన ‘గల్లంతైనవారి అన్వేషణ బృందం’ మాడెలైన్ ఫులార్డ్ నాయకత్వంలో, అర్జెంటీనా ఫోరెన్సిక్ నిపుణుల సాయంతో ఎముకలు వెలికితీస్తోంది. పోర్ట్ ఎలిజబెత్ నుంచి మాయమైన ముగ్గురు నాయకుల అవశేషాలను 2007లో క్రాడక్ దగ్గరి పోస్ట్ చామర్స్ అనే పాత పోలీసు స్థావరంలో గుర్తించారు. ప్రిటోరియా జైల్లో ఉరితీసి, శవాలను కూడా ఇవ్వకుండా అనాథ సమాధుల్లో పాతేసిన 83 మంది రాజకీయ ఖైదీల కోసం 2016లో ఒక పథకం మొదలైంది. ఇక్కడ పనికొచ్చింది పాత గుమాస్తాల శ్రద్ధే: ఏ శవాన్ని ఏ శ్మశానంలో ఏ నంబరు గుంతలో వేశారో రిజిస్టర్లలో రాసిపెట్టారు. వాటిని తగలబెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఈ బృందం జాబితాను ముగిసిపోయిన వ్యవహారంగా చూడదు, న్యాయశాఖ చూస్తుంది. ఒకే ప్రభుత్వంలో రెండు నాలుకలు. కమిషన్ పంపిన హత్య కేసుల్లో ప్రాసిక్యూషన్‌ను ఎవరు అడ్డుకున్నారో తేల్చడానికి అధ్యక్షుడు రామఫోసా 2025 మేలో న్యాయమూర్తి సిసి ఖంపెపే నేతృత్వంలో విచారణ సంఘం వేశారు. అదీ బాధిత కుటుంబాలు కోర్టుకెక్కాకే. ఆ సంఘం పరిధి ప్రాసిక్యూషన్లకే. జాబితా సంగతి పార్లమెంటు చేతిలో ఉంది. పరిహారంతో సంబంధం లేకుండా కొత్త వాంగ్మూలాలు తీసుకునే అధికారం జాతీయ పురాభిలేఖాగారానికి ఇచ్చి, ఖులుమాని దగ్గరున్న పేర్లను పరిశీలించి చేర్చుకోవడానికి చిన్న చట్ట సవరణ సరిపోతుంది. దానితోపాటు, 1999లో కమిషన్ నుంచి నిఘా సంస్థ అధీనంలోకి వెళ్లిన 34 పెట్టెల పత్రాల్లాంటివన్నీ కుటుంబాలకు అందుబాటులోకి రావాలి. షార్ప్‌విల్ కాల్పులప్పుడు ఇరవై ఏళ్ల వయసున్న సాక్షికి ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి.