సత్రంలో చోటు దొరకనివాళ్ల పండుగ

డిసెంబర్ వచ్చిందంటే జంషెడ్‌పూర్‌లో మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవదు. సెమీ క్రిస్మస్‌లు, నాటిక రిహార్సల్స్, రాత్రి పదకొండింటిదాకా ఇంటింటికీ క్యారల్స్. అమ్మ అరిసెల పాకం దగ్గర, కాంట్రాక్టు కార్మికుడైన నాన్న పండుగనాటి షిఫ్టు ఎవరితో మార్చుకోవాలా అన్న వెతుకులాటలో. ఇరవై నాలుగు రాత్రికి అందరం అలసి ఉంటాం. ‘ఈ హడావుడిలో ప్రభువును మర్చిపోకండి’ అని పాస్టరుగారు ఏటా చెబుతారు.

ఆ మాట సగమే నిజం. ప్రభువును మరపించేది హడావుడి ఒక్కటే కాదు. మనమెవరమో దాచుకుని పండుగ చేసుకోవడం కూడా.

మా తాతలు ఉత్తరాంధ్ర నుంచి ఈ ఉక్కు పట్టణానికి కూలికొచ్చారు. ఊళ్లో మాలపేటలో పుట్టిన చర్చిని వెంట తెచ్చుకున్నారు. ఇక్కడ హిందీవాళ్లకు మనమంతా ‘మద్రాసీ’లమే. తోటి తెలుగువాళ్లు మాత్రం ‘మీదే ఊరు, ఏ వీధి?’ అని మెల్లగా కూపీ లాగుతారు. మాట దాటెయ్యడం మేం చిన్నప్పుడే నేర్చుకున్నాం.

పీహెచ్‌డీ దరఖాస్తులో మతం అనే గడి దగ్గర నా చెయ్యి ఆగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివారు ఎస్సీ కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇప్పటికీ బయటే. నేను నిజం రాసి, రిజర్వేషన్ వదులుకున్నాను. బంధువుల్లో కొందరికి చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. వాళ్లను తప్పుపట్టను. తప్పు ఆ గడిది.

మా ఆదివాసీ క్రైస్తవ మిత్రులకు ఈ బాధ లేదు. మతం మారినా ఎస్టీ హోదా పోదు. దాన్నీ తీసెయ్యాలని 2023 డిసెంబర్ 24న, సరిగ్గా క్రిస్మస్ ముందురోజు, రాంచీలో డీలిస్టింగ్ ర్యాలీ జరిగింది. ఇది నా ఒక్కడి బాధ కాదని ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు లూకా సువార్త రెండో అధ్యాయం తెరవండి. జనాభా లెక్కల్లో పేరు రాయించుకోవడానికి ప్రభుత్వం పిలిస్తే నడిచొచ్చిన కూలి కుటుంబం. నిండు గర్భిణి. సత్రంలో చోటు లేదు. బిడ్డకు పశువుల తొట్టే ఊయల. ఈ కథను మనకంటే బాగా ఎవరు అర్థం చేసుకోగలరు?

1927లో ఇదే డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. ఆ సభకు సవర్ణులెవరూ స్థలం ఇవ్వలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం తన నేల ఇచ్చాడు. 1968లో ఇదే రోజు తమిళనాడు కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్న దళితుల మీద భూస్వాముల మనుషులు దాడి చేశారు. ప్రాణాలు దక్కించుకోవడానికి ఒక గుడిసెలో దూరిన 44 మందిని సజీవంగా కాల్చేశారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. చోటు దొరకనివాళ్ల కథ బెత్లెహేముతో ఆగలేదు.

బాబాసాహెబ్ క్రైస్తవ సంఘాన్నీ వదల్లేదు. మతం మారినా కులం పోలేదన్నారు, అన్యాయాన్ని ఎదిరించడం లేదన్నారు. ఆయన విమర్శకు మన పెళ్లి సంబంధాలే సాక్ష్యం. మాల, మాదిగ విశ్వాసులు ఒకే బల్లలో రొట్టె విరుస్తారు, వియ్యమందడానికి వెనకాడతారు. బయట చోటు లేదని ఏడ్చే మనం లోపల తలుపు వేసుకుంటే ఎలా?

అందుకే నా విన్నపం చిన్నది. కార్యక్రమాలు తగ్గించమనను. ఒక్క గంట అడుగుతున్నాను. ఇరవై అయిదు సాయంత్రం పిల్లలకు బెత్లెహేముతో పాటు మహాడ్ కథ, కీళ్వెణ్మణి కథ చెబుదాం. ఆ రోజు సెలవు దొరకని కాంట్రాక్టు కార్మికుల ఇళ్లకు, వీధులూడ్చేవాళ్ల ఇళ్లకు, వాళ్లు ఏ మతంవాళ్లయినా, మొదటి అరిసె పంపుదాం.

మా వాకిట్లో వేలాడే నక్షత్రం నాడు దారి చూపింది రాజభవనానికి కాదు, పశువుల పాకకు. ఈ డిసెంబర్‌లో మన కాళ్లు కూడా అటే నడవాలి.

జై భీమ్.